పాత బండి, కొత్త ఇంజను, ముందు స్ప్రింగులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసపాఠము)



గ్రంథాలయమనగా పురాణములకును, కావ్యములకును, నవలలకును మాత్రమే నిలయమను భావము చాలమందికి కలదు. కాని ఇరువదియైదు వత్సరములు ఒక గ్రామమున తలుపు తెరచియుంచిన గ్రంథాలయము ఆ గ్రామపు వృత్తులకు కూడ అక్కరకు రావలెను. సేద్యగానికి ఎరువులను గూర్చిన పుస్తకమెంత అవసరమో, మోటారు మరమ్మతు చేయువానికి ఇంజనును గూర్చిన పుస్తకమంత అవసరము. కావుననే ఈ దినమున ప్రసంగమునకు ఒక మరమ్మతు విషయము ఎన్నుకొనబడినది. పాత బండిలో దాని ఇంజనును దింపి వేరొక ఇంజనును అమర్చునప్పుడు ముందు చక్రములకు ఎటువంటి స్ప్రింగులను ఎంచుకొనవలెను? ఇదియే ప్రశ్న.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల వారికి ఇది వినోదార్థమైన ప్రశ్న కాదు. ఇది ఎత్తుపల్లముల సీమ. మదనపల్లెకు చేరువనున్న హార్స్‌లీ కొండ సముద్రమట్టమునకు సుమారు 1265 మీటర్ల ఎత్తున నున్నది. తిరుపతికి పోవువారికి భాకరాపేట ఘాటు, పలమనేరు మీదుగా చిత్తూరు పోవువారికి మొగిలి ఘాటు తప్పవు. మలుపులలో దిగుచున్న బండి బరువంతయు బ్రేకు తొక్కినంతనే ముందు చక్రముల మీదికి వాలును. అప్పుడు ఆ బరువును మోసి, చక్రమును నేలకు అదిమిపట్టి, స్టీరింగును చేతిలో నిలుపవలసినది ముందు స్ప్రింగే. సమతలమున కొంత తప్పు కనబడకపోవచ్చును. ఘాటులో ఆ తప్పునకు మూల్యము ప్రాణము.

ఈ దేశమున పాత బండ్లనిన ముఖ్యముగా మూడు జ్ఞప్తికి వచ్చును. విచిత్రమేమనగా ఈ మూడింటి ముందు స్ప్రింగులును మూడు విధములు. మొదటిది జీపు. మహీంద్రా సంస్థ విల్లీసు జీపులను 1940ల చివర ఈ దేశమున కూర్చుట ప్రారంభించినది. జీపునకు ముందు వెనుకల కూడ అడ్డముగా ఒకే యాక్సిలు, దానికిరుప్రక్కల కమాను కట్టలు. రెండవది ఫియట్. బొంబాయిలోని ప్రీమియరు సంస్థ తయారుచేసిన ఈ బండి తరువాత పద్మిని యను పేర ప్రసిద్ధి గాంచినది. దీని ముందు చక్రములు వేర్వేరుగా కదలును. వాటికి చుట్ట స్ప్రింగులు. మూడవది అంబాసిడరు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండి నమూనాతో హిందుస్థాన్ మోటార్సు వారు 1950ల చివర బెంగాలునందలి ఉత్తరపాడలో దీనిని ప్రారంభించిరి. 2014 మే నెలలో ఆ తయారీ నిలిచిపోయినది. దీని ముందు భాగమున కట్టయు లేదు, చుట్టయు లేదు. చక్రపు భుజము కీలు నుండి బండి అడుగున వెనుకకు సాగి, రెండవ కొసను చట్రమునకు బిగింపబడిన ఒక ఉక్కు కడ్డీ యుండును. దానినే టార్షన్ బారు అందురు. చక్రము లేచినప్పుడు ఆ కడ్డీ మెలిపడును. ఆ మెలియే స్ప్రింగు పని చేయును.

ఈ బండ్లలో ఇంజను మార్చుటకు ప్రధాన కారణము ఒకప్పుడు డీజిలు చవుకయే. పెట్రోలు ఇంజనుతో వచ్చిన జీపులకును, అంబాసిడర్లకును డీజిలు ఇంజనులను అమర్చి బాడుగలకు తిప్పినవారు ఎందరో. ఈనాడు కారణము మారినది. తాతనాటి బండిని ఇంటి గుర్తుగా నిలుపుకొనవలెను, కాని దాని అసలు ఇంజనుకు భాగములు దొరకవు. అందుచేత వేరొక ఇంజను. కారణమేదైనను ఫలితమొకటే. ముందు చక్రముల మీది బరువు మారును.

ఎందుకు మారును? పెట్రోలు ఇంజనులో వాయువు ఏడెనిమిది రెట్లు నొక్కబడిన చాలును. పాత డీజిలు ఇంజనులో అది సుమారు ఇరువది రెట్లు నొక్కబడవలెను. అంత ఒత్తిడికి తాళుటకు సిలిండరు దిమ్మె, క్రాంకు, హెడ్డు అన్నియు బలిష్ఠముగా నుండవలెను. బలము పెరిగినకొలది బరువు పెరుగును. ఇక నేటి పెట్రోలు ఇంజనులలో పెక్కింటి దిమ్మెలు అల్యూమినియముతో పోసినవి. వాటిని పాత బండిలో పెట్టినచో ముందు బరువు తగ్గుటయు గలదు. అప్పుడు బండి ముక్కు పైకి లేచి, స్ప్రింగు కావలసినదానికన్న బిరుసై, ప్రతి గుంటకును ఎగిరిపడును. కావున ఇంజను మార్చినంతనే గట్టి స్ప్రింగు వేయవలెనను మాట సగము మాత్రమే నిజము.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుకొనవలెను. కొత్త ఇంజనుకు అశ్వశక్తి హెచ్చు గనుక స్ప్రింగు హెచ్చు గట్టిదిగా నుండవలెనని కొందరు తలంతురు. అశ్వశక్తికి తూకము లేదు. స్ప్రింగునకు తెలిసినది బరువు ఒక్కటే. శక్తి పెరిగినచో ముందుగా చూడవలసినది బ్రేకులు. వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తి నాలుగింతలగును. స్ప్రింగు ఆ వేగమును ఆపదు.

స్ప్రింగు స్వభావమును 1678లో రాబర్టు హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక చిన్న సూత్రమున ప్రకటించెను. ఎంత బలమో అంత సాగుడు. అనగా 20 కిలోల బరువునకు ఒక సెంటీమీటరు అణగు స్ప్రింగు, 40 కిలోలకు రెండు సెంటీమీటర్లు అణగును. ఒక సెంటీమీటరు అణచుటకు ఎన్ని కిలోలు కావలెనో అదియే ఆ స్ప్రింగు బిరుసుతనము. స్ప్రింగును ఎంచుకొనుట యనగా రెండు ప్రశ్నలకు వేర్వేరుగా సమాధానము చెప్పుట. బిరుసుతనమెంత యనునది మొదటిది. బరువు పడిన పిమ్మట బండి ఎంత ఎత్తున నిలువవలెననునది రెండవది. ఈ రెండింటిని ఒకటిగా తలంచుటయే సర్వసాధారణమైన పొరపాటు. బండి క్రుంగినది గనుక గట్టి స్ప్రింగు వేయుదురు. నిజమునకు కొన్నివేళల దానికి కావలసినది ఎత్తే గాని బిరుసు కాదు.

ఒక లెక్కను పరిశీలింపుడు. ఇవి గ్రహించుటకై వేసుకొన్న అంకెలే గాని ఏ ఒక్క బండివియు కావు. జీపు ముందు స్ప్రింగు ఒక్కొక్కటి 250 కిలోలు మోయుచున్నదనుకొందము. దాని బిరుసు సెంటీమీటరుకు 20 కిలోలు. అప్పుడది పన్నెండున్నర సెంటీమీటర్లు అణగి నిలుచును. కొత్త ఇంజను పాతదానికన్న 60 కిలోలు బరువు, ఆ బరువంతయు ముందు యాక్సిలు మీదనే పడుననుకొన్నచో ఒక్కొక్క ప్రక్కకు 30 కిలోలు చేరును. పాత స్ప్రింగులనే ఉంచినచో అవి 14 సెంటీమీటర్లు అణగును. బండి ఒకటిన్నర సెంటీమీటరు క్రుంగును. ఇప్పుడు బరువు నూటికి 12 వంతులు పెరిగినది. బిరుసును కూడ నూటికి 12 వంతులు పెంచి, 22.4 కిలోల స్ప్రింగు వేసినచో తిరిగి పన్నెండున్నర సెంటీమీటర్లే అణగును. ఎత్తును నిలిచినది, నడకయు మారలేదు.

నడక యనగా ఊగు వేగము. బండిని క్రిందికి అదిమి విడిచినచో నిమిషమునకు ఇన్నిమార్లని ఊగును. ఆ లెక్క బరువునకు స్ప్రింగు ఎంత అణగినదో దానిని బట్టియే యుండును. పన్నెండున్నర సెంటీమీటర్లు అణగిన స్ప్రింగు నిమిషమునకు సుమారు 85 మార్లు ఊగును. మనిషి శరీరమునకు నిమిషమునకు 60 మొదలు 90 వరకు గల ఊపు హాయిగా నుండును. అది నిదానపు నడకకు దగ్గర. గట్టిగా నుండవలెనని పైన చెప్పిన బండికి రెట్టింపు బిరుసు గల స్ప్రింగు వేసినచో అణగుడు 7 సెంటీమీటర్లకు తగ్గి, ఊపు 113కు పెరుగును. పొడవు అదియే యైనచో బండి ముక్కు అయిదున్నర సెంటీమీటర్లు పైకి లేచును. గుంటల దారిలో చక్రము నేలను విడిచి ఎగురును. నేలను విడిచిన చక్రము బ్రేకునకు గాని స్టీరింగునకు గాని లోబడదు. కావున హెచ్చు బిరుసు హెచ్చు భద్రత కాదు.

అందుచేత మొదటి పని కొనుగోలు కాదు, తూకము. టమాటా వ్యాపారమునకు పేరొందిన మదనపల్లె ప్రాంతమున తూకపు కాటాలకు కొదువ లేదు. లారీని తూచు వేబ్రిడ్జి మీద బండి ముందు చక్రములను మాత్రము నిలిపి, వెనుక చక్రములను వెలుపల అదే మట్టమున నుంచినచో ముందు యాక్సిలు బరువు తెలియును. పాత ఇంజనుతో ఒకసారి, కొత్త ఇంజను బిగించిన పిమ్మట మరియొకసారి తూచవలెను. రెండు తూకములందును రేడియేటరులో నీరు, సంపులో నూనె, బ్యాటరీ, టాంకులో ఇంధనము ఒకే తీరుగా నుండవలెను. చక్రములు, యాక్సిలు స్ప్రింగు క్రిందివి; వాటి బరువును స్ప్రింగు మోయదు. అయినను రెండు తూకములలోను అవి సమానముగానే యుండును గనుక, తీసివేతలో మిగులునది స్ప్రింగునకు చేరిన కొత్త బరువే. గేరుబాక్సు మారినచో దాని బరువు కూడ ఇందులోనే చేరిపోవును. పెద్ద లారీలను తూచు కాటా పది కిలోలకు తక్కువ తేడాను చూపకపోవచ్చును. అట్టిచోట రెండు ఇంజనులను విడివిడిగా చిన్న కాటా మీద తూచి సరిచూచుకొనవలెను.

ఇంజను ఎచ్చట కూర్చున్నదనునది కూడ ముఖ్యమే. ముందు యాక్సిలునకు సరిగా పైన కూర్చున్న బరువు పూర్తిగా ముందు చక్రములదే. ముందు వెనుక చక్రముల నడిమి దూరములో నాలుగవ వంతు వెనుకకు జరిగినచో, ఆ బరువులో నాలుగవ వంతు వెనుక చక్రములకు పోవును. కావున బరువైన ఇంజనును వీలైనంత వెనుకకు జరిపి కూర్చుండబెట్టిన మెకానిక్కు స్ప్రింగు పనిలో సగము అప్పుడే చేసినవాడు.

రెండవ పని ఎత్తును కొలుచుట. ఇంజను దింపకముందే సమమైన గచ్చు మీద బండిని నిలిపి, టైర్ల గాలి సరిచూచి, నాలుగు మూలల బండిని చేతితో అదిమి విడిచి, చక్రపు నడిబొడ్డు నుండి మడ్‌గార్డు అంచు వరకు కొలిచి వ్రాసియుంచవలెను. అదిమి విడుచుట యెందుకనిన, కమాను కట్టలలో పట్టీల మధ్య రాపిడి యుండును. కదల్చక కొలిచినచో ఆ కొలత అబద్ధము చెప్పును. కొత్త బరువునకు పాత స్ప్రింగు ఎంత అణగునో ముందుగానే చూడదలచినవారు బానెట్టును తీసి, చట్రము మీద యాక్సిలునకు సరిగా పైన బలమైన పలక వేసి, తెలిసిన బరువు గల బస్తానుంచి కొలువవచ్చును. ఖర్చు లేని పరీక్ష ఇది; బజారులో చేయు ఊహలన్నిటికన్న మేలు.

మూడవ పని స్ప్రింగును మార్చుట. ఇచ్చటనే మూడు బండ్ల దారులు వేరగును.

కమాను కట్టలో పట్టీ మందము మూడింతల ప్రభావము చూపును. 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానమున అదే పొడవు, అదే వెడల్పు గల 7 మిల్లీమీటర్ల పట్టీ వేసినచో దాని బిరుసు ఒకటిన్నర రెట్లు దాటును. కావున ఏదో ఒక లారీ పట్టీని తెచ్చి కట్టలో చేర్చుట ప్రమాదము. అదే మందము, అదే వంపు గల ఒక పట్టీని చేర్చుట వేరు. బిరుసు సరిగానే యుండి, ఏండ్ల తరబడి వాడుటచే కట్ట చదునైయున్నచో పట్టీ చేర్చనక్కరలేదు. వంపు తీయించిన చాలును. వంపు తీయుట ఎత్తును పెంచును గాని బిరుసును పెంచదు. అయితే కొలిమిలో ఎర్రగా కాల్చి, ఊరక చల్లార్చిన పట్టీ తన పదును కోల్పోవును. కొలది దినములలో మరల క్రుంగును. పదును మరల పెట్టనేర్చిన పనివానికే ఈ పని ఒప్పగింపవలెను. సెంటరు బోల్టు, యు-బోల్టులు, షాకిలు బుష్షులు ఆ వేళనే కొత్తవి వేయుట మంచిది.

చుట్ట స్ప్రింగులో తీగ మందము నాలుగింతల ప్రభావము చూపును. 12 మిల్లీమీటర్ల తీగతో చేసిన స్ప్రింగునకు నూటికి 12 వంతులు బిరుసు పెంచవలెనన్నచో, అదే చుట్టు కొలతతో తీగ మందము మిల్లీమీటరులో మూడవ వంతు పెరిగిన చాలును. కంటికి తెలియని తేడా అది. కంటితో చూచి స్ప్రింగు కొనరాదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల? ఇక ఒక చుట్టను కోసివేయు అలవాటు కొందరికి కలదు. పనిచేయు చుట్టలు తొమ్మిదింటిలో ఒకటి తగ్గినచో బిరుసు ఎనిమిదవ వంతు పెరుగుట నిజమే. కాని పొడవు తగ్గి బండి ఇంకను క్రుంగును. గ్యాసు మంటతో కోసినచో ఆ చోట ఉక్కు పదును చెడును. కోసిన కొస తన గూటిలో సరిగా కూర్చుండదు. బరువైన ఇంజను వేసినవాడు ఈ పని ఎన్నడును చేయరాదు.

చుట్ట స్ప్రింగు విషయమున మరియొక సూక్ష్మము కలదు. స్ప్రింగు చక్రము మీద కూర్చుండదు. భుజము మీద చక్రమునకు లోపలివైపున కూర్చుండును. గునపముతో బండను లేపువానికి తెలిసిన సంగతియే యిది. స్ప్రింగు భుజమునకు నట్టనడుమ నున్నచో, చక్రము మీది 30 కిలోలు స్ప్రింగు మీద 60 కిలోలగును. చక్రము ఒక సెంటీమీటరు లేచిన స్ప్రింగు అర సెంటీమీటరే అణగును. అనగా చక్రము వద్ద అగుపించు బిరుసు స్ప్రింగు బిరుసులో నాలుగవ వంతు మాత్రమే. ఈ లెక్క చూడక ఒక బండి స్ప్రింగును మరియొక బండికి వేయుట కొలత తీయక చొక్కా కుట్టుట వంటిది.

అంబాసిడరు టార్షన్ బారునకు కూడ మందమే ప్రధానము. అచ్చటను నాలుగింతల ప్రభావమే. కడ్డీ బిగింపును ఒక పన్ను త్రిప్పి మరల బిగించినచో బండి ఎత్తు మారును గాని బిరుసు మారదు. బరువు కొలదిగా పెరిగినచో ఈ సర్దుబాటే చాలును. హెచ్చుగా పెరిగినచో, బరువైన ఇంజనుకై తయారైన లావుపాటి కడ్డీలను వెదకవలెను. ఈ సంస్థయే డీజిలు ఇంజనుతోను, 1990లలో ఇసుజు ఇంజనుతోను బండ్లు చేసినందున, ఏ ఇంజనుకు ఏ కడ్డీ యని భాగముల పట్టికను అడిగి చూచుట మొదటి మార్గము. వాడిన కడ్డీని ఎడమదానిని కుడికి, కుడిదానిని ఎడమకు మార్చరాదు. అది ఒకే దిక్కునకు మెలిపడుటకు అలవాటు పడినది. కడ్డీపై సుత్తి దెబ్బ, గీత, త్రుప్పు గుంట పడనీయరాదు. పగులు అచ్చటనే మొదలగును.

తయారీదారులే ఈ విషయమున ఎంత జాగ్రత్త వహించిరో జీపు చరిత్ర చెప్పును. రెండవ ప్రపంచ యుద్ధమునాటి విల్లీసు జీపులో డ్రైవరు, స్టీరింగు, ఇంధనపు టాంకు ఎడమ ప్రక్కనే యుండెడివి. అందుచేత ముందు ఎడమ స్ప్రింగును కుడిదానికన్న బిరుసుగా చేసిరి. బయటికి రెండును ఒకటే, లోపల వేరు. ఈ సంగతి తెలియక వాటిని తారుమారు చేసినచో బండి ఒరిగి నిలుచును. పిమ్మట ఎత్తైన హరికేన్ ఇంజనును పెట్టుటకై అదే సంస్థ 1953లో జీపు బానెట్టును ఎత్తు చేసినది. ఈ దేశపు రోడ్ల మీద ఏండ్ల తరబడి తిరిగిన ఎత్తు బానెట్టు జీపు ఆ ఇంజను మార్పునకు పుట్టిన బిడ్డయే. ఇంజను మారినప్పుడు బండి మొత్తము దానికి తగినట్లు మారవలెననుటకు ఇది తార్కాణము.

స్ప్రింగు కుదిరిన పిమ్మట చూడవలసినవి కొన్ని కలవు. బిరుసు పెరిగిన స్ప్రింగు హెచ్చు బలముతో తిరిగి లేచును గనుక షాక్ అబ్సార్బరులు దానికి తగినవై యుండవలెను. చక్రము పూర్తిగా పైకి లేచినను యాక్సిలు ఇంజను సంపునకు తగులరాదు. జీపులో ఇది ముఖ్యము. చక్రముల వాలును, ముందుచూపును మరల సరిచేయింపవలెను; లేనిచో టైర్లు ఒక ప్రక్కనే అరిగిపోవును. హెడ్‌లైట్ల చూపు సరిచేయవలెను. కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన పిదప స్ప్రింగులు కుదుటపడును. అప్పుడు మరల కొలిచి, మొదటి కొలతతో పోల్చవలెను.

తుదకు చట్టము. 1988 నాటి మోటారు వాహనాల చట్టమునందలి 52వ సెక్షను ప్రకారము, తయారీదారు ఇచ్చి రిజిస్ట్రేషను పత్రమునకు ఎక్కిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. కావున ఇంజను కొనక మునుపే రిజిస్ట్రేషను అధికారిని అడిగి, అనుమతింపబడు మార్పు ఏదో తెలిసికొనవలెను. 2021లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమములలో, ఏబది సంవత్సరములు దాటి, అసలు రూపమున నిలిచియున్న సొంత వాడుక వాహనములకు ప్రాచీన వాహనములుగా ప్రత్యేక రిజిస్ట్రేషను కలదు. ఇంజను, చట్రము మార్చిన బండికి ఆ గౌరవము దక్కదు. తాతనాటి బండిని గుర్తుగా నిలుపుకొనదలచినవారు ఈ మాటను రెండుమార్లు ఆలోచింపవలెను. అసలు ఇంజను మరమ్మతునకు లొంగునదైనచో మరమ్మతే మేలు; అప్పుడు స్ప్రింగు ప్రశ్నయే పుట్టదు.

ముందు తూకము, పిదప కొలత, ఆ పిదప లెక్క, చివరకు కొనుగోలు. ఈ వరుస తప్పనివానికి బండి తప్పదు. మంచి మెకానిక్కు చేతిలో ఎంతో విద్య యుండును. కాని చేతిలోని విద్య ఆ చేతితోనే పోవును, కాగితముపై నున్నది నిలుచును. ఈ గ్రంథాలయము జీపు, ఫియట్, అంబాసిడరు బండ్ల మరమ్మతు పుస్తకములను, భాగముల పట్టికలను సేకరించి యొక బీరువాలో నుంచవలెను. ప్రక్కనే ఒక నోటు పుస్తకమునుంచి, ఈ ప్రాంతపు పనివారు తాము తూచిన ఇంజనుల బరువులను, కొలిచిన స్ప్రింగుల కొలతలను అందులో వ్రాయునట్లు చేయవలెను. మరియొక ఇరువదియైదు ఏండ్లకు స్వర్ణోత్సవము జరుగునాడు ఆ నోటు పుస్తకము ఈ బీరువాలలోని ఏ గ్రంథమునకును తీసిపోదు.